పాత పాంటూన్ పడవను బాగుచేసి కొత్త ఇంజిన్ బిగించడం ఎలా?

“పాత పాంటూన్ పడవ చవకగా వస్తోంది. దీనికి ఎన్ని హెచ్‌పీల ఇంజిన్ పెట్టాలి?” మైపాడు వైపు రిసార్టులు నడిపేవారు, కృష్ణపట్నం దగ్గర రొయ్యల చెరువులవారు, కొత్తపట్నం నుంచి కొందరు అడుగుతున్నది ఇదే. ఇంజిన్ సంగతి చివర చూద్దాం. ముందు పడవను తేల్చే ఆ రెండు బోలు గొట్టాల్లో (పాంటూన్లు అంటే అవే) గాలి నిలుస్తుందో లేదో తేల్చుకోండి. గొట్టం కారుతున్న పడవకు లక్షల ఇంజిన్ తగిలిస్తే అది ఇంజిన్‌తో సహా మునుగుతుంది, అంతే తేడా.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. పాంటూన్ పడవ సముద్రానికి పనికిరాదు. మైపాడు, కొత్తపట్నం అలల్లోకి దాన్ని దింపాలనుకుంటే ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. కండలేరు క్రీక్, బకింగ్‌హాం కాలువ, సోమశిల, కండలేరు జలాశయాలు, మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయం వంటి నిలకడ నీళ్లే దాని చోటు. ఏటి మొగ దగ్గర కూడా పోటు నీరు ఎదురు తిరిగే వేళ జాగ్రత్త.

కింద చెప్పేదంతా రెండు అల్యూమినియం గొట్టాల మీద చెక్క డెక్కు ఉన్న పడవ గురించి. ఫైబర్ గొట్టాలైతే ఏం మారుతుందో నాలుగో మెట్టులో చెప్పాను.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఫిబ్రవరి, మార్చి మంచి కాలం. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. తడిలో వెల్డింగూ కుదరదు, రెజినూ కుదరదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మత్స్యకారుల పడవలన్నీ ఆ రోజుల్లోనే మరమ్మతుకు ఒడ్డెక్కుతాయి, మెకానిక్కులు, ఫైబర్ పనివాళ్లు మీకు దొరకరు.

కావలసినవి

- చైన్ బ్లాకు లేదా జాకీలు, దొర్లించడానికి సరుగుడు దుంగలు, ఆనించడానికి ఇసుక మూటలు
- మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక లెవెల్ పైపు, నాలుగు మీటర్లు
- సైకిలు పంపు, సబ్బు నీళ్లు, పెయింటు బ్రష్షు
- అల్యూమినియానికి మాత్రమే వాడే స్టెయిన్‌లెస్ తీగ బ్రష్షు, ఎసిటోన్
- 5052 రకం అల్యూమినియం రేకు (గొట్టం మందమే ఉండాలి), 5356 వెల్డింగ్ కడ్డీ
- ఐఎస్ 710 ముద్ర ఉన్న 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, ఎపాక్సీ, రబ్బరు పట్టీ
- 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ వాషర్లు
- ఇంజిన్, బ్యాటరీ, ఫ్యూజులు, తగరం పూత ఉన్న రాగి తీగలు, నీటిని వేరుచేసే పెట్రోలు ఫిల్టరు

ఇంజిన్ డబ్బు ఇప్పుడే కట్టేయకండి. మూడో మెట్టు దాటాక కట్టండి.

1. ఒడ్డుకు తేవడం

గొట్టం గోడ రెండు, రెండున్నర మిల్లీమీటర్లే ఉంటుంది. ఒక్కచోట జాకీ పెట్టి లేపితే లోపలికి నొక్కుకుపోతుంది. బరువు రెండు గొట్టాలనూ కలిపే అడ్డ చానెళ్ల మీద పడేలా లేపి, గొట్టాల కింద పొడవునా ఇసుక మూటలు సర్దండి. ట్రాక్టరుకు తాడు కట్టి ఇసుకలో ఈడ్చకండి. గొట్టాన్ని గదులుగా విడదీసే లోపలి అడ్డగోడల వెల్డులు విడిపోయేది అక్కడే.

లేపేటప్పుడు ఒక గొట్టం రెండోదానికంటే బరువుగా తోస్తే అందులో నీళ్లున్నట్టు. చెక్క సుత్తితో పొడవునా తట్టి చూడండి. నీళ్లున్న గదిలో కింది భాగం మొద్దుగా పలుకుతుంది.

2. విప్పి చూడటం

పాత డెక్కు మొత్తం తీసేయండి. “బాగానే ఉంది కదా, మీద ఇంకో పలక వేద్దాం” అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అల్యూమినియం చెడేది కంటికి కనిపించే చోట కాదు. తడి ప్లైవుడ్ ఆనిన చోట, స్టెయిన్‌లెస్ బోల్టు దూరిన చోట, గొట్టానికీ బ్రాకెట్‌కూ మధ్య మట్టి చేరిన చోట చెడుతుంది. తెల్లటి పొడి కనిపిస్తే గీకేసి, కింద గుంట ఎంత లోతుందో చూడండి.

గొట్టాలకు అంటుకున్న గుల్లలను చెక్క లేదా ప్లాస్టిక్ గరిటెతో తీయండి. ఉలి వద్దు. యాసిడ్ కడుగుడు ఇంకా వద్దు.

ఇక్కడే తీర్పు చెప్పుకోవాలి. గుంటలు అక్కడక్కడా ఉంటే అతుకు వేయించవచ్చు. గొట్టం అడుగంతా జల్లెడలా గుంటలు పడి, సుత్తి మొనతో నొక్కితే లోపలికి పోతుంటే అతుకులు వేయించడం డబ్బు దండగ. గొట్టాలు పాత సామాను లెక్కన అమ్మేసి, ఫ్రేము వరకు ఉంచుకుని కొత్త గొట్టాలు చేయించండి. ఈ మాట వినడం చాలామందికి ఇష్టం ఉండదు, అయినా చెప్పక తప్పదు.

3. గాలి పరీక్ష

ఈ పని మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే. ఎక్కువమంది వదిలేసేదీ, చేసినవారిలో ఎక్కువమంది ప్రమాదకరంగా చేసేదీ ఇదే.

పంక్చరు షాపు కంప్రెసరు గొట్టానికి తగిలించకండి. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టానికి చివరి మూత వైశాల్యం సుమారు 0.28 చదరపు మీటర్లు. లోపల 3 పీఎస్‌ఐ ఒత్తిడి ఉంటేనే ఆ మూతను దాదాపు 600 కిలోల బలం బయటికి తోస్తుంది. లారీ టైరుకు కొట్టే గాలి పెడితే మూత ఊడి మనిషిని చంపగలదు. మనకు కావలసింది ఒకటిన్నర పీఎస్‌ఐ మాత్రమే. మామూలు గాలి గేజీల్లో ఆ అంకె సరిగా చదవడం కుదరదు. అందుకే లెవెల్ పైపు.

పైపును ‘యు’ ఆకారంలో ఒక పలకకు కట్టండి. రెండు కాళ్లూ మీటరున్నర చొప్పున ఎత్తు ఉండాలి. సగం దాకా రంగు కలిపిన నీళ్లు పోయండి. ఒక చివర గొట్టం గదికి, రెండో చివర బయటి గాలికి. గదిలోకి సైకిలు పంపుతో గాలి కొడుతుంటే ఒక కాలులో నీరు దిగి రెండో కాలులో ఎక్కుతుంది. రెండు మట్టాల మధ్య తేడా ఒక మీటరు అయితే లోపల ఒత్తిడి 1.4 పీఎస్‌ఐ ఉన్నట్టు. అక్కడ ఆపండి. ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది: హద్దు మీరి కొడితే పైపులోంచి నీరు చిమ్మి గాలి బయటికి పోతుంది, గొట్టం పగలదు. పంపు కొట్టడానికి ఓపిక కావాలి. రెండు మీటర్ల గదికి యాభై లీటర్లకు పైనే గాలి పట్టాలి.

గుర్తుంచుకోవలసినవి:

- గొట్టం లోపల అడ్డగోడలతో విడి గదులుంటాయి. ప్రతి గదినీ విడిగా పరీక్షించాలి. చాలా పడవల్లో వెనక గదికే ప్లగ్ (నీళ్లు వదిలే బిరడా) ఉంటుంది. మిగతావాటికి గొట్టం పైభాగాన అల్యూమినియం సాకెట్ వెల్డ్ చేయించి నైలాన్ ప్లగ్ బిగించండి. ఇత్తడి ప్లగ్ వద్దు, దాని చుట్టూ అల్యూమినియం తినేస్తుంది.
- ఒక గదికి గాలి కొడుతుంటే పక్క గది ప్లగ్‌లోంచి గాలి వస్తోందంటే లోపలి అడ్డగోడ చిట్లింది. బయటి గోడ గట్టిగా ఉంటే పడవ తేలుతుంది. కానీ ఒక గది పగిలినప్పుడు రెండోదీ నిండుతుందని తెలిసే నడపాలి. ప్రయాణికులను ఎక్కించే పడవకైతే ఇది ఒప్పుకోదగ్గది కాదు.
- పరీక్ష తెల్లవారుజామున గానీ పందిరి కింద గానీ చేయండి. లోపలి గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే నీటి మట్టం మూడున్నర సెంటీమీటర్ల మేర మారుతుంది. ఎండలో పరీక్షిస్తే కారే గొట్టం కూడా ఒత్తిడి పెరిగినట్టు చూపుతుంది. “ఉదయం నుంచి తగ్గనేలేదు, పైగా పెరిగింది” అని సంతోషపడేవారు దీన్ని మరిచిపోతారు.

ఒత్తిడి నిలిచాక వెల్డు గీతలు, బ్రాకెట్ల అంచులు, ముందు ముక్కు, చివరి మూత అంతా సబ్బు నీళ్లు పూయండి. బుడగలు వచ్చిన ప్రతిచోటా మార్కర్‌తో సున్నా చుట్టండి. సన్నటి పిన్ను రంధ్రం దగ్గర పెద్ద బుడగ కాదు, తెల్లటి సన్న నురగ వస్తుంది. రెండు నిమిషాలు ఓపిగ్గా చూస్తేనే తెలుస్తుంది. గంట తరువాత, వేడి మారకుండా, మట్టం రెండు మూడు సెంటీమీటర్లకు మించి పడకపోతే ఆ గది పాసయినట్టే.

4. వెల్డింగ్

మామూలు ఆర్క్ వెల్డింగ్ మనిషి దీనికి సరిపోడు. ఏసీ కరెంటు ఇచ్చే టిగ్ సెట్ కావాలి. మనవాళ్లు ఆర్గాన్ వెల్డింగ్ అంటారు. స్టెయిన్‌లెస్ చేసే టిగ్ సెట్లు చాలావరకు డీసీవి, వాటితో అల్యూమినియం రాదు. మాట్లాడుకునే ముందు రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్కలు రెండు ఇచ్చి అతికించమనండి. అతుకును వంచి చూడండి. పటుక్కున విరిగి లోపల మసి, రంధ్రాలు కనిపిస్తే ఇంకొకరిని వెతుక్కోండి.

- వెల్డింగ్‌కు ముందు ఆ గది ప్లగ్ తీసి ఉంచాలి. మూసిన గదిలో గాలి వేడెక్కి కరుగుతున్న లోహాన్ని బయటికి ఊదేస్తుంది. ఆ చివరి రంధ్రం ఎన్నిసార్లు నింపినా మూతపడదు.
- గదిలో పెట్రోలు వాసన ఉంటే వెల్డింగ్ వద్దు. నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వాసన పూర్తిగా పోయాకే. లోపల ఫోమ్ నింపి ఉంటే దాన్ని తీయకుండా మంట దగ్గరికి రానివ్వకండి, ఆ పొగ విషం.
- ముందు ఎసిటోన్, తరువాత తీగ బ్రష్షు. ఈ వరుస తిప్పితే జిడ్డును లోహంలోకి రుద్దినట్టవుతుంది. ఇనుము రుద్దిన బ్రష్షుతో అల్యూమినియం ముట్టవద్దు.
- గుంటల మీద కడ్డీ కరిగించి నింపడం కంటే, గుంట చుట్టూ అయిదు సెంటీమీటర్లు దాటేలా రేకు ముక్క కోసి చుట్టూ వెల్డ్ చేయించడం మేలు. మూలలు గుండ్రంగా ఉండాలి. చదరపు మూల దగ్గరే మళ్లీ చీలుతుంది.

ఎం-సీల్, ఎపాక్సీ ముద్దలు ఒడ్డు చేరడానికి పనికొస్తాయి, సీజను నడపడానికి కాదు. పైగా ఆ ముద్ద ఉన్న చోట తరువాత వెల్డింగ్ పట్టదు.

వెల్డింగ్ అయ్యాక మళ్లీ మూడో మెట్టు, అన్ని గదులకూ. అతుకు వేసిన గదికి మాత్రమే చేసి ఊరుకోకండి, ఆ వేడికి పక్క వెల్డు చిట్లవచ్చు.

*ఫైబర్ గొట్టాలైతే:* పగులు చుట్టూ, గోడ మందానికి పన్నెండు రెట్ల వెడల్పున వాలుగా గ్రైండ్ చేసి ఫైబర్ మ్యాట్, రెజిన్ పొరలు వేయాలి. తీరం ఊళ్లలో ఫైబర్ తెప్పలు బాగుచేసేవారికి ఈ పని కొట్టినపిండి. మీరే చేసుకుంటే ఒక్క సంగతి: రెజిన్‌లో కలిపే కోబాల్ట్ ద్రవాన్నీ, గట్టిపరిచే ద్రవాన్నీ ఎన్నడూ నేరుగా కలపకండి, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిశాకే రెండోది. మన ఎండకు రెజిన్ గిన్నెలోనే గట్టిపడుతుంది. తెల్లవారి పూట, కొద్ది కొద్దిగా కలుపుకోండి. ఈ గొట్టాలకూ గాలి పరీక్ష అదే, కాకపోతే అర మీటరు మట్టం చాలు.

5. డెక్కు

చెక్కకు పురుగు, కుళ్లు పట్టకుండా ఎక్కించే మందుల్లో రాగి లవణాలు ఉంటాయి. రాగి అల్యూమినియానికి శత్రువు. కాబట్టి ప్లైవుడ్‌కు రెండు వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకూ బోల్టు రంధ్రాలకూ ఎపాక్సీ పట్టించి, అడ్డ చానెల్ మీద రబ్బరు పట్టీ పరిచి ఆపైన పలక బిగించండి. బోల్టు తలకింద నైలాన్ వాషర్. అడుగున రంగు వేయిస్తే రాగి లేని రకమే అడగండి. గుల్లలు పట్టకుండా తెప్పలకు వేసే రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. కుర్చీలు, పైకప్పు మీ ఇష్టం, కానీ ముందు తరువాతి మెట్టు చదవండి.

6. బరువు లెక్క

60 సెంటీమీటర్ల వ్యాసం, 6 మీటర్ల పొడవు ఉన్న ఒక్కో గొట్టం పూర్తిగా మునిగితే సుమారు 1,700 కిలోలు మోస్తుంది. రెండూ కలిపి 3,400. అంత ఎక్కించమని కాదు. గొట్టాలు సగానికి మించి మునగకూడదన్నది మీ హద్దు, అంటే పడవ సొంత బరువుతో సహా మొత్తం 1,700 కిలోలు. ఇందులో డెక్కుకు అయిదు ప్లైవుడ్ షీట్లంటేనే 185 కిలోల దాకా పోతాయి. దాని మీద టైల్స్, ఇనుప పైకప్పు, మ్యూజిక్ బాక్సులు పెట్టుకుంటూ పోతే మనుషులకు చోటు మిగలదు.

పడవ నీటిలోకి దిగాక దీన్ని సరిచూడటం తేలిక. గొట్టాలు సగం మునిగిన దగ్గర ఒక్కో సెంటీమీటరు లోతుకు సుమారు 70 కిలోలు, అంటే ఒక మనిషికి ఒక సెంటీమీటరు. ఖాళీ పడవ మట్టాన్ని నాలుగు మూలలా పెయింటుతో గుర్తు పెట్టండి.

7. ఇంజిన్ ఎంచుకోవడం

ఆరు మీటర్ల పడవ నీటిని చీల్చుకుంటూ హాయిగా వెళ్లే వేగం గంటకు 11 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆపైన ఒక్కో కిలోమీటరు వేగానికీ పెట్రోలు విపరీతంగా కాలుతుంది. షికారు పడవకు 15 నుంచి 20 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ (పడవ వెనక బయట బిగించే ఇంజిన్) చాలు. 40, 60 పెట్టమనేవాళ్లు పెట్రోలు ఖర్చు భరించేవాళ్లు కారు. పడవ మీద సామర్థ్యం పలక ఉంటే అందులోని హద్దు దాటకండి.

కాడ పొడవు ముఖ్యం: 15, 20, 25 అంగుళాల రకాలుంటాయి. పాంటూన్లకు ఎక్కువగా 20 అంగుళాలది సరిపోతుంది, కానీ కొలవకుండా కొనకండి. ప్రొపెల్లర్ పెద్ద వ్యాసం, తక్కువ పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు సాగే దూరం) ఉన్నది కావాలి. స్పీడు బోటు ప్రొపెల్లర్ ఈ బరువును నెట్టలేదు.

పాత ఇంజిన్ కొంటుంటే రెండు పరీక్షలు. అన్ని సిలిండర్ల కంప్రెషన్ ఒకదానికొకటి పది పదిహేను శాతం లోపు తేడాలో ఉండాలి. కింది గేరు ఆయిల్ కొద్దిగా వంపి చూడండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోతున్నాయి.

తెప్పలకు పెట్టే పొడవు కాడ డీజిల్ ఇంజిన్ చవక, ప్రతి ఊళ్లో మెకానిక్ ఉంటాడు. నేను మాత్రం అల్యూమినియం పాంటూన్‌కు దాన్ని సిఫారసు చేయను. ఆ అదురుకు మీరు కష్టపడి వేయించిన వెల్డులు ఒక్కొక్కటే విడతాయి.

జలాశయంలో నడిపేవారు విద్యుత్ మోటారు గురించి ఆలోచించండి. కండలేరు నీళ్లు పూండి జలాశయం మీదుగా చెన్నై తాగుతుంది, అందులో ఆయిల్ చుక్క పడకపోతేనే మంచిది. 48 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీలో 9.6 యూనిట్లు ఉంటాయి. ఎనభై శాతం వాడుకుంటే 5 కిలోవాట్ల మోటారు పూర్తి వేగంతో గంటన్నర నడుస్తుంది. వేగం తగ్గించుకుంటే ఆ సమయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పోటు, పాటు ఉన్న క్రీకులో మాత్రం బ్యాటరీ లెక్కలు నమ్మకండి.

8. బిగించడం

ఇంజిన్ బిగించే పలక కుళ్లి ఉంటే మార్చండి. గోరుతో గుచ్చి కాదు, బోల్టు తీసి రంధ్రంలోకి స్క్రూడ్రైవర్ పెట్టి చూడండి. బిగింపు మరలు ఉన్నా సరే, పలక అవతలి దాకా దూరే బోల్టులు వేసి రంధ్రాలకు సీలెంట్ నింపండి.

ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే పలక, పడవ నడుస్తున్నప్పుడు నీటి మట్టానికి కాస్త కిందే ఉండాలి. మలుపు తిరిగేటప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే ప్రొపెల్లర్ గాలి తాగుతోంది: ఇంజిన్‌ను ఒక బోల్టు రంధ్రం కిందికి దించండి.

ఆనోడ్లంటే పడవ లోహానికి బదులు తామే అరిగిపోయే లోహపు ముక్కలు. ఉప్పు నీటికి, ఉప్పు తక్కువ ఉన్న క్రీకు నీటికి అల్యూమినియం ఆనోడ్లు, జలాశయపు మంచినీటికి మెగ్నీషియం. మెగ్నీషియాన్ని క్రీకులో వాడితే త్వరగా అరిగిపోతుంది. ఆనోడ్లకు రంగు వేయకూడదు.

9. పెట్రోలు, కరెంటు

ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. చాలా ఔట్‌బోర్డ్ ఇంజిన్ల మాన్యువల్లో 10 శాతం వరకే అనుమతి. కొనేముందే అడగండి. ఏదైనా సరే, పాత రబ్బరు పైపులు, చేత్తో నొక్కే బల్బు మార్చి, నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టండి. వారాల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి.

బ్యాటరీ నెగటివ్‌ను పడవ ఫ్రేముకు కలపవద్దు. కారులో చేసినట్టు ఇక్కడా చేస్తే గొట్టాలు కరెంటుకు కరుగుతాయి. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే. డ్రైవరు నీటిలో పడితే ఇంజిన్ ఆగిపోయే తాడు స్విచ్ తప్పనిసరి.

10. నీటిలో పరీక్ష

ఇంజిన్‌ను ఒడ్డున పొడిగా స్టార్ట్ చేసి “ఒక్క క్షణమే” అనకండి. నీటి పంపు రబ్బరు రెక్కలు ఆ క్షణంలోనే మాడతాయి. నీటిలో స్టార్ట్ చేయగానే వెనక సన్నటి నీటి ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపండి.

మొదటి గంటల్లో ఫుల్ థ్రాటిల్ వద్దు, మాన్యువల్ చెప్పిన ప్రకారం నడపండి. ఆ తరువాత మామూలుగా ఎక్కేంత బరువుతో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఆర్‌పీఎం చూడండి. మాన్యువల్ హద్దు 5,000 నుంచి 6,000 అనుకుందాం. 4,500 దగ్గరే ఆగిపోతే ప్రొపెల్లర్ పిచ్ ఎక్కువైనట్టు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఖాళీ పడవతో పరీక్షించి తృప్తిపడటం పెద్ద పొరపాటు. జనం ఎక్కాక ఇంజిన్ ఊపిరాడక వేడెక్కుతుంది.

తిరిగొచ్చాక మంచినీళ్లతో ఇంజిన్ లోపల కడగండి. తీరం ఊళ్లలో చాలా బోర్ల నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడిగినట్టు కాదు. ట్యాంకరు నీళ్లు వాడండి. పడవను రాత్రంతా నీటిలో కట్టి ఉంచి, తెల్లవారి ఖాళీగా ఉన్నప్పుడు పెయింటు గుర్తులు చూడండి. ఒక మూల గుర్తు రెండు సెంటీమీటర్లు మునిగితే ఆ గది ప్లగ్ తీసి నీళ్లు కొలవండి, ప్రయాణికులను ఎక్కించకండి.

కాగితాలు

లోతట్టు నీళ్లలో ఇంజిన్‌తో నడిచే పడవలకు 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం సర్వే (పడవ తనిఖీ), రిజిస్ట్రేషన్ ఉండాలి. పాత పడవకు రిజిస్ట్రేషన్ ఉన్నా, ఇంజిన్ మార్చిన సంగతి తెలియజేయాలి. ఇంజిన్ బిల్లు, సీరియల్ నంబరు, గొట్టాల పరీక్ష సమయంలో తీసిన ఫోటోలు ఒక ఫైలులో పెట్టుకోండి. జలాశయమైతే జలవనరుల శాఖ అనుమతి వేరు. సర్వేకు వచ్చేవారు లైఫ్ జాకెట్లు లెక్కపెడతారు. పిల్లల సైజువి విడిగా కొని ఉంచండి.